11 వారాల కుక్కపిల్ల గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటోంది, బొమ్మ ముట్టుకోనివ్వట్లేదు

#1 బంతివాళ్ళమ్మ
మా బంతికి 11 వారాలు, ఆడపిల్ల. 8 వారాలప్పుడు తెచ్చుకున్నాం. మొదటి వారం అంతా బంగారమే. తెచ్చిన చోట వాళ్ళు ఒక మాట చెప్పి పంపారు: "తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి కెలుకుతూ ఉండండి, మధ్యలో గిన్నె తీసేసి మళ్ళీ ఇవ్వండి, పెద్దయ్యాక ఎవరు ముట్టుకున్నా ఏమీ అనదు." మేం బుద్ధిగా పూటపూటా అదే చేశాం.

మొదట్లో చెయ్యి పెడితే తోక ఊపేది. తర్వాత తినడం ఆపి కదలకుండా నిలబడేది. "చూశావా, ఎంత ఓపికో" అని మురిసిపోయాం. ఆ తర్వాత గబగబా మింగడం మొదలెట్టింది. నాలుగు రోజుల నుంచి గుర్ర్‌మంటోంది. నిన్న రాత్రి మావారు గిన్నె తీయబోతే చేతిని పళ్ళతో అందుకుంది. గీత పడింది, రక్తం రాలేదు.

బొమ్మలదీ అదే కథ. తాడు బొమ్మ, రబ్బరు బంతి నోట పట్టుకుని సోఫా కిందకి దూరుతుంది. చెయ్యి పెడితే గుర్రు. ఇంట్లో ఆరేళ్ళ బాబున్నాడు, నా భయమంతా వాడి గురించే. మా అత్తగారు "ఇప్పుడే ఇలా ఉంటే రేపు మనిషిని పీకుతుంది, ఎవరికైనా ఇచ్చేయండి" అంటున్నారు. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధా, మేమే చెడగొట్టామా?

#2 పాతకాపు
ఇరవై ఏళ్ళలో నాలుగు కుక్కల్ని పెంచినవాడిగా చెప్తున్నా. ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియట్లేదు. గుర్రుమన్న వెంటనే మెడ దగ్గర పట్టుకుని పక్కకి పడుకోబెట్టి, లొంగేదాకా వదలకండి. మీరు తిన్నాకే దానికి పెట్టండి. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అని ఊరికే అనలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

#3 తోకాడితేచాలు
వద్దు వద్దు వద్దు. #2 చెప్పింది మాత్రం చేయకండి. గిన్నెలో చెయ్యి పెట్టడం ఈ పూట నుంచే ఆపేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

#4 నిద్రలేనివాడు
బంతి బంతిని ఇవ్వట్లేదంటారు.

#5 బంతివాళ్ళమ్మ
@నిద్రలేనివాడు ఆ జోకు మా ఇంట్లో రోజుకి మూడుసార్లు పేలుతోందండీ. నాలుగోది మీది.

@తోకాడితేచాలు ఆపేస్తే ఇక ఎప్పటికీ గిన్నె ముట్టుకోనివ్వదేమో అని భయం.

#6 మూడుకుక్కలిల్లు
మీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది. మీరు రాసిన వరసలో మళ్ళీ చదవండి: తోక ఊపింది, ఆగి బిగుసుకుంది, గబగబా మింగింది, గుర్రుమంది, పళ్ళు తగిలించింది. మీరు "ఓపిక" అనుకున్నది ఓపిక కాదు, అదే మొదటి ఫిర్యాదు. తినే కుక్క ఉన్నట్టుండి శిలలా ఆగిపోయిందంటే "ఇంకా దగ్గరికి రావద్దు" అని. తర్వాత గిన్నె మీదకి తల వంచి మూసేయడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, పెదవి ఎత్తడం. మామూలుగా ఇలాంటివన్నీ అయ్యాకే గుర్రు వస్తుంది. మొదటి నాలుగుసార్లు నెమ్మదిగా చెప్పింది, మీరు వినలేదు, ఐదోసారి గొంతు పెంచింది.

నోటికాడి కూడు లాక్కుంటే మనుషులమే ఊరుకోం. భోజనం చేస్తుంటే రోజూ ఎవరో వచ్చి కంచంలో చెయ్యి పెట్టి, కంచం ఎత్తుకుపోయి, కాసేపాగి తెచ్చి పెడితే నాలుగో రోజు మీరేం చేస్తారు? "తిరిగి ఇచ్చాడుగా" అని సంతోషిస్తారా, వాడి అడుగుల చప్పుడుకే కంచం చేత్తో కప్పుకుంటారా?

పుట్టుకతో వచ్చిందా, మీరు చేశారా అంటే రెండూను. దొరికినదాన్ని కాపాడుకోవడం ఏ జంతువుకైనా ఉండే పద్ధతే. అందులోనూ ఏడెనిమిది పిల్లలు ఒకే పళ్ళెంలో తోసుకుంటూ తిని పెరిగితే, ఆలస్యం అయితే దక్కదని ముందే నేర్చుకుని వస్తాయి. దాని మీద మీరు రోజూ రెండు మూడుసార్లు ప్రాక్టీసు చేయించారు. తప్పు మీది కాదు, ఆ సలహాది. నేనూ నా మొదటి కుక్కకి అచ్చంగా అదే చేశాను.

11 వారాలకే బయటపడింది, అది మీ అదృష్టం. ఇదే మూడేళ్ళ కుక్కయితే నా జవాబు వేరుగా ఉండేది.

#7 పాతకాపు
కంచం, మనిషి, ఇవన్నీ కుక్కకి వర్తించవు. అది తోడేలు జాతి. గుంపులో నాయకుడు ముందు తింటాడు, మిగతావి ఆగుతాయి. దానికి అర్థమయ్యే భాష అదొక్కటే. మా టైగర్ నోట్లోంచి ఎముక లాగినా కిక్కురుమనేది కాదు.

#8 రాత్రిడ్యూటీ_వెట్
వాదన తర్వాత. ముందు ఆ గీత సంగతి. రక్తం రాకపోయినా పన్ను గీత పడిన చోట సబ్బు పెట్టి, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. తర్వాత మనుషుల డాక్టరుకి చూపించండి. 11 వారాల పిల్లకి రేబిస్ టీకా సాధారణంగా ఇంకా పడి ఉండదు, అది 12 వారాలు దాటాకే వేస్తారు. "చిన్న పిల్లేగా" అని వదిలేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, ముందు వేసుకునే టీకాయే దిక్కు.

రెండోది, దాని కడుపు. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు? రోజుకి ఎన్నిసార్లు పెడుతున్నారు? ఈ వయసులో మూడు నాలుగు పూటలు పడాలి. ఆకలి తీరని పిల్ల, పురుగులున్న పిల్ల, ఎక్కడో నొప్పి ఉన్న పిల్ల మరింత కాపలా కాస్తుంది. ఒకసారి పరీక్ష చేయించి, తర్వాత ట్రైనింగ్ సంగతి చూడండి.

#9 బంతివాళ్ళమ్మ
కడిగాం కానీ రెండు నిమిషాలే. మళ్ళీ కడిగిస్తున్నా, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తారు. పెట్టేది రెండు పూటలే 😟 కాస్త ఎక్కువగా పెడుతున్నాం కదా, చాలుననుకున్నాం.

#10 లెక్కలమాస్టారు
@పాతకాపు గారూ, ఆ తోడేళ్ళ కథ ఎక్కడ మొదలైందో చెప్తాను, కోప్పడకండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి రాశాడు. చుట్టరికం లేనివాటిని ఒకే దొడ్లో పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంలో ఆ "ఆల్ఫా" (కొట్లాడి గెలిచిన నాయకుడు) అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనే ఏళ్ళ తరబడి అడవిలో తోడేళ్ళని చూసి, 1999లో ఆ మాట వాడటం సరికాదని రాశాడు. అడవిలో గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. నాయకులు అంటే అమ్మానాన్నలు, అంతే. ఇంకో తమాషా, నోటి చుట్టూ ఉన్న కాస్త జాగాలో దొరికిన తిండి ఎవరిదైతే వాళ్ళదేనని, బలహీనమైన తోడేలు కూడా దాన్ని వదలదని మెక్ గమనించాడు. తోడేలు సంప్రదాయం పాటించాలంటే బంతి చేస్తున్నదే సరైన పద్ధతి.

ఇక గిన్నె సంగతి. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కుక్కల యజమానుల్ని సర్వే చేసి 2018లో ప్రచురించారు. తినేటప్పుడు గిన్నె తీసేసే ఇళ్ళలో ఈ కాపలా ఎక్కువ తీవ్రంగా కనిపించింది. తినేటప్పుడు గిన్నెలో ఇంకా రుచైనది వేసే ఇళ్ళలో, "వదులు" అనే మాట బాగా నేర్పిన ఇళ్ళలో తక్కువ.

#11 అరక్షణం
#10కి చిన్న బ్రేకు. సర్వే కదా, ఏది ముందో ఎలా తెలుస్తుంది? కుక్క గుర్రుమంటోంది కాబట్టే వాళ్ళు గిన్నె తీసి ఉండొచ్చు.

#12 లెక్కలమాస్టారు
నిజమే, సర్వేతో కారణం తేలదు. కానీ గిన్నె తీస్తే మేలు జరిగిందన్న ఆధారమైతే నాకెక్కడా కనిపించలేదు. మొదటి పోస్టు కూడా ఒకసారి చూడండి.

#13 బంతివాళ్ళమ్మ
సరే, చెయ్యి పెట్టడం మానేశాం. మరి ఏం చేయాలి, ఊరికే వదిలేయాలా? ఇంకో అనుమానం: గుర్రుమనేదానికి మంచి ముక్కలు వేస్తే "గుర్రుమంటే ముక్క దొరుకుతుంది" అని నేర్చుకోదా?

#14 మూడుకుక్కలిల్లు
అనుమానం అందరికీ వచ్చేదే. గుర్రు అనేది అది చేసే పని కాదు, లోపలున్న కంగారు బయటికొచ్చే దారి. కంగారు తగ్గితే గుర్రుకి పని ఉండదు. చీకటంటే ఏడ్చే పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుంటే ఇంకా ఎక్కువ భయపడటం నేర్చుకోడు కదా. అయినా అసలు గుర్రు దాకా రానివ్వకూడదు. ఎలాగంటే:

బంతి తింటుంటే మీరు ఎంత దూరంలో ఉన్నా పట్టించుకోదో ముందు కనిపెట్టండి. ఆరడుగులనుకుందాం. అక్కడి నుంచి మామూలుగా నడుస్తూ, దాని గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోండి. ఉడికించిన కోడి ముక్క, చిటికెనవేలి గోరంత చాలు. వెళ్ళిపోవడమే ఇందులో ముఖ్యం. నిలబడి "తిన్నావా బంగారూ" అని ముద్దు చేయకండి. పూటకి ఐదారుసార్లు, అంతే. అన్నం తింటుంటే పదిసార్లు పక్కనుంచి పోతే అదీ విసుగే.

కొన్నాళ్ళకి మీ అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తి, ఒళ్ళంతా వదులుగా తోక ఊపుతూ "ఏదీ?" అన్నట్టు చూస్తుంది. ఆ చూపు వచ్చాక అర అడుగు దగ్గరవ్వండి, అంతకుముందు వద్దు. క్యాలెండర్ చూసి దగ్గరవ్వద్దు, కుక్కని చూసి అవ్వండి. ఆ తర్వాత గిన్నె పక్కన ఆగి వేయడం, తర్వాత వంగి వేయడం, తర్వాత ఒక చేత్తో గిన్నె అంచు తాకి రెండో చేత్తో వేయడం. గిన్నె ఎత్తడం అన్నిటికంటే చివర. అది కూడా అంగుళం ఎత్తి, ముక్క వేసి, దించేయడమే. ఎప్పుడైనా బిగుసుకుందంటే మీరు తొందరపడ్డారన్నమాట. ఏమీ అనకుండా వెనక్కి తగ్గి, తర్వాతి పూట ఇంకా దూరం నుంచి మొదలెట్టండి.

మీ దగ్గర బాగుందని మీవారి దగ్గరా ఉంటుందని అనుకోకండి. ఆయన ఆరడుగుల నుంచే మొదలెట్టాలి. పాపం ఆయన చేతికి చరిత్ర ఉంది, పదడుగులు పెట్టుకున్నా తప్పులేదు.

#15 నిద్రలేనివాడు
"చేతికి చరిత్ర ఉంది" 😂

#16 సాక్సుదొంగ_నాన్న
#14లో ఒక ముక్క నేను కలపాలి, ఎందుకంటే దాని మీదే నేను నెల రోజులు వృథా చేసుకున్నాను. వరస! ముందు మీరు కనపడాలి, తర్వాత ముక్క రావాలి. నేను ట్రీట్ల డబ్బా గలగలలాడించి, వాడు తలెత్తాక దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఏమైందంటే డబ్బా చప్పుడంటేనే వాడికి అనుమానం పుట్టింది: డబ్బా మోగింది, ఇక వీడొస్తాడు, గిన్నె జాగ్రత్త. పావ్‌లోవ్ గంట కొట్టాక తిండి పెట్టాడు, తిండి పెట్టాక గంట కొట్టలేదు. ఇంత చిన్న సంగతి నాకు ట్రైనర్ చెప్పేదాకా వెలగలేదు.

#17 బంతివాళ్ళమ్మ
ఇది నేనూ తప్పకుండా చేసేదాన్నే. మరి బొమ్మలు? సోఫా కింద దూరితే అస్సలు రాదు.

#18 తోకాడితేచాలు
సోఫా కిందికి దారి మూసేయండి ముందు. అట్టపెట్టెలో, దిండ్లో, ఏదైనా అడ్డం పెట్టండి. గుహ దొరికితే కాపలా కాయాలనే బుద్ధి ఇంకా పెరుగుతుంది. బయట వెలుతురులో పడుకుని కొరుక్కుంటే దాని కంగారూ తక్కువ, మీ పనీ తేలిక.

తర్వాత మార్పిడి ఆట. దానికి పెద్దగా పట్టింపు లేని బొమ్మతో మొదలెట్టండి, పాత గుడ్డముక్కో ఏదో. ముక్క ఇవ్వండి, బొమ్మ తీసుకోండి, *వెంటనే బొమ్మ తిరిగి ఇచ్చేయండి*. పదిసార్లలో తొమ్మిదిసార్లు తిరిగి రావాలి. అప్పుడు "ఇస్తే పోతుంది" అన్న లెక్క "ఇస్తే ముక్కా వస్తుంది, బొమ్మా వస్తుంది" అని మారుతుంది.

#19 మూడుకుక్కలిల్లు
#18తో పాటు ఒక మాట కూడా నేర్పండి. మొదట్లో బంతి నోట్లో ఏమీ లేనప్పుడు ఆ మాట అని, ఐదారు ముక్కలు నేల మీద చల్లండి. "ఇదిగో ఇక్కడుంది" అని వేలితో చూపిస్తూ ఏరుకోనివ్వండి. రోజుకి నాలుగైదుసార్లు. మాట వినగానే నేలకేసి చూడటం మొదలెట్టాక, ఏదో మామూలు బొమ్మ నోట్లో ఉన్నప్పుడు అనండి. నేల మీద వెతకాలంటే నోరు తెరవాల్సిందే. అది ఏరుకుంటుండగా మీ చెయ్యి కూడా పక్కనే తిరుగుతుంది కాబట్టి చేతికీ మంచి పేరొస్తుంది.

ఆ మాట "వదిలెయ్" కాకుండా చూసుకోండి. ఇప్పటికే ఆ మాట మీరు కోపంగా వందసార్లు అనుంటారు. మా ఇంట్లో "లాటరీ" అంటాం. ఎంత కోపంలో ఉన్నా "లాటరీ" అని అరిస్తే మనకే నవ్వొస్తుంది.

#20 పాతకాపు
కుక్కకి లాటరీ టికెట్లు. ఇది చూడటానికే బతికున్నాను.

ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి. రేపు అది బ్యాటరీయో, మందుబిళ్ళో, ఉడికిన కోడి ఎముకో నోట పట్టుకుంటే అప్పుడు కూడా ముక్కలు చల్లుతూ కూర్చుంటారా?

#21 రాత్రిడ్యూటీ_వెట్
@పాతకాపు అవును, అప్పుడే ఎక్కువ చల్లుతాం. ఒక్కటి కాదు, గుప్పెడు. వెంటపడితే, నోరు బలవంతంగా తెరవబోతే పిల్ల చేసే మొదటి పని మింగేయడం. మీ చేతికి దక్కకుండా ఉండాలంటే దానికి అదొక్కటే దారి. సాక్సులు, పిల్లల బొమ్మలు కడుపులోంచి తీసినప్పుడు ఇంటివాళ్ళు చెప్పేది తరచూ ఒకటే: "లాక్కోబోయాం డాక్టర్, గుటుక్కున మింగేసింది." బ్యాటరీ, మందుబిళ్ళ లాంటివి మింగితే మాత్రం ఆలోచించకండి, వెంటనే వెట్‌కి (పశువుల డాక్టరుకి) ఫోన్ చేయండి. వాళ్ళు చెప్పకుండా ఇంట్లో వాంతి చేయించకండి.

#22 సాక్సుదొంగ_నాన్న
సాక్సుల మాట వచ్చింది కాబట్టి నా పేరుకి న్యాయం చేస్తాను. మార్పిడి ఆటకి ఒక సైడ్ ఎఫెక్టుంది. మావాడు రెండు వారాల్లో వ్యాపారం నేర్చాడు. ఆకలేస్తే ఒక సాక్సు పట్టుకొచ్చి నా ముందు నిలబడేవాడు. సాక్సు లేకపోతే రిమోట్. ఒకసారి మా ఆవిడ కళ్ళజోడు. ఇంట్లో దొంగతనం పెరిగింది కానీ కాపలా పోయింది, ఎందుకంటే సరుకు దాచుకుంటే బేరం ఎలా జరుగుతుంది?

తగ్గించిన విధానం: నేల మీద వస్తువులు లేకుండా సర్దడం, చప్పుడు చేయకుండా తన బొమ్మతో ఆడుకుంటున్నప్పుడు కూడా ముక్క వేయడం. అంతకుముందు వాడు బుద్ధిగా ఉంటే ఎవరూ చూసేవాళ్ళం కాదు, సాక్సు పడితే ఇల్లంతా లేచేది.

#23 కొత్తగాచేరా
మా ఇంట్లో మనుషుల్ని ఏమీ అనదు కానీ రెండో కుక్కని గిన్నె దగ్గరికి రానివ్వదు. ఇదే పద్ధతా?

#24 మూడుకుక్కలిల్లు
@కొత్తగాచేరా మీది తేలిక. వేరే గదుల్లో పెట్టండి, తలుపేయండి, తిన్నాక గిన్నెలు ఎత్తేయండి. మూడు కుక్కలతో పదేళ్ళుగా అదే చేస్తున్నాను. పక్కపక్కన తినాలని రూలేం లేదు. దంతాలు అరిగేదాకా నమిలే వస్తువులు కూడా విడివిడిగానే.

#25 ఇద్దరుపిల్లలు_ఒకకుక్క
ఇంత మాట్లాడారు, ఆరేళ్ళ బాబు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. #1లో ఆవిడ భయమంతా అదే కదా.

పై ట్రైనింగ్ ఏదీ బాబుతో చేయించకండి. ముక్క విసరడం కూడా ఇప్పుడొద్దు. బంతి తినేటప్పుడు, ఏదైనా కొరుక్కునేటప్పుడు మధ్యలో బేబీ గేటో తలుపో ఉండాలి. "దగ్గరికి వెళ్ళకు" అని చెప్పడం సరిపోదు, ఆరేళ్ళవాడు తన బొమ్మ కారు కుక్క నోట్లో కనిపిస్తే మీ మాట గుర్తుపెట్టుకోడు. వాడు వంగితే వాడి మొహం సరిగ్గా కుక్క నోటి దగ్గరికి వస్తుంది, అది మర్చిపోకండి. మా చిన్నదానికి ఒకే ఒక్క రూలు పెట్టాం: కుక్క నోట్లో నీ వస్తువుంటే వెళ్ళకు, కదలకు, "అమ్మా, మార్పిడి!" అని కేకెయ్యి. అరిచిన ప్రతిసారీ దానికీ ఒక బహుమతి ఇచ్చాను. అవును, పిల్లనీ కుక్కనీ ఒకే పద్ధతిలో పెంచాను, ఏం చేసుకుంటారో చేసుకోండి.

#26 అరక్షణం
ఇద్దరికీ ఒకే డబ్బాలోంచా?

#27 ఇద్దరుపిల్లలు_ఒకకుక్క
వేరు డబ్బాలు. ఒకసారి తారుమారైంది, ఇద్దరూ ఏమీ అనలేదు.

#28 బంతివాళ్ళమ్మ
అందరికీ అప్‌డేట్. తొమ్మిది రోజులైంది. మావారికి టీకాలు మొదలయ్యాయి. వెట్ దగ్గర పరీక్ష చేయిస్తే పురుగులున్నాయని తేలింది, మందు వేశారు. ఇప్పుడు నాలుగు పూటలు పెడుతున్నాం. ఒక్క తిండి మార్పుతోనే మింగే వేగం సగానికి సగం తగ్గిందంటే నమ్మండి. సోఫా కింద దిండ్లు కుక్కాం, గేటు పెట్టాం.

ఏడడుగుల దగ్గర మొదలెట్టాను, ఈరోజుకి మూడడుగులు. ఇవాళ పొద్దున నా చెప్పుల చప్పుడు విని తినడం ఆపింది. గుండె ఝల్లుమంది, మళ్ళీ బిగుసుకుందేమోనని. చూస్తే తోక చక్రంలా తిరుగుతోంది! ముక్క వేసి వెళ్ళిపోయి వంటింట్లో కాసేపు ఏడ్చాను. మావారు ఇంకా తొమ్మిదడుగుల దగ్గరే ఉన్నారు.

#29 కిబుల్కింగ్
ఇన్ని తంటాలెందుకు, తిండంతా చేత్తోనే పెట్టేయండి. గిన్నె లేకపోతే గొడవే లేదు.

#30 మూడుకుక్కలిల్లు
కొందరికి పనిచేస్తుంది, మరీ చిన్న పిల్లలతో ముఖ్యంగా. కానీ చేతిలోంచి తినడం వేరు, తన ముందున్న గిన్నె దగ్గరికి చెయ్యి రావడం వేరు. ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చినట్టు కాదు. పైగా బంతికి ఇప్పుడు చెయ్యి అంటే అనుమానం. గట్టిగా ఆకలి మీదున్నప్పుడు ఆ చేతినుంచే తినాలంటే ఇష్టంగా వచ్చినట్టా, గతిలేక వచ్చినట్టా? ఈ దశలో నేనైతే చేయను.

#31 కిబుల్కింగ్
మాకైతే పనిచేసింది. ఎవరి కుక్క వాళ్ళది.

#32 బంతివాళ్ళమ్మ
అంతా బాగుందనుకుంటుంటే నిన్న దెబ్బైంది. చుట్టాలొచ్చారు. ఒకాయన "మాకు కుక్కలు అలవాటే" అంటూ గేటు దాటి వెళ్ళి, నమిలే బొమ్మ పట్టుకుని పడుకున్నదాని తల నిమరబోయారు. గట్టిగా గుర్రుమంది. ఆయన "కరిచే కుక్కని పెంచుతున్నారా" అని కోప్పడ్డారు. "మొరిగే కుక్క కరవదు" అని ఇంకొకాయన నవ్వారు. అత్తగారు మళ్ళీ పాత పాట. మొదటికొచ్చామా?

#33 లెక్కలమాస్టారు
మొదటికి రాలేదు. కొత్త మనిషి, సున్నా అడుగులు, ఇష్టమైన వస్తువు, మూడూ ఒకేసారి. అన్నీ పెంచేసి పరీక్ష పెడితే ఎవరైనా ఫెయిలే. రెండు రోజులు వెనక్కి వెళ్ళి మొదలెట్టండి. ఇంకోటి, పళ్ళు వాడకుండా గుర్రుతో సరిపెట్టింది. మూడు వారాల క్రితం మీవారి చేతికి అది కూడా దక్కలేదు.

ఆ సామెత బంతి చదవలేదు కాబట్టి దాని మీద ఆధారపడకండి.

#34 తోకాడితేచాలు
చుట్టాలొస్తే నమిలేవి పైన పెట్టేయండి, లేదా దాన్ని వేరే గదిలో ఉంచండి. కుక్కకి ట్రైనింగ్ ఇవ్వడం తేలిక, "మాకు అలవాటే" అనేవాళ్ళకి ఇవ్వడం కష్టం.

#35 పాతకాపు
రెండు రోజులుగా ఇది రాయాలా వద్దా అనుకుంటున్నాను.

మా టైగర్ గురించి గొప్పగా చెప్పాను. దాని తర్వాతది రాజు. అది కూడా చిన్నప్పుడు ఎముక దగ్గర గుర్రుమనేది. నేను #2లో చెప్పినట్టే మెడ పట్టి పడుకోబెట్టేవాణ్ణి. నెలలో గుర్రు పోయింది, గెలిచాననుకున్నాను. ఏడాదిన్నర తర్వాత మా అమ్మాయి పక్కనుంచి నడిచి వెళ్తుంటే చప్పుడు లేకుండా లేచి పిక్క పట్టేసింది. ఐదు కుట్లు. "ఏ హెచ్చరికా లేకుండా కరిచింది, పిచ్చి కుక్క" అని అందరికీ చెప్పుకున్నాను. దాన్ని దూరంగా ఒక తోటలో ఇచ్చేశాం.

#6 చదివాక లెక్క చూసుకుంటే, హెచ్చరిక దానికి లేక కాదు. నేనే మాన్పించాను. నాయకుడు ముందు తినాలన్న దాని మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు, ఎవరూ వాదించొద్దు.

#36 మూడుకుక్కలిల్లు
వాదించను. మీరు ముందు తినండి, దాని వల్ల దానికొచ్చే నష్టమేం లేదు. మీ అమ్మాయికి ఇప్పుడు కుక్కలంటే భయమా?

#37 పాతకాపు
లేదు. రెండున్నాయి దానికి. గిన్నె దగ్గరికి నన్ను రానివ్వదు. కుక్క కాదు, అమ్మాయి.

#38 నిద్రలేనివాడు
🙏

#39 రాత్రిడ్యూటీ_వెట్
@బంతివాళ్ళమ్మ ముందే ఒక మాట చెప్పి ఉంచుతాను. నాలుగు నెలల దగ్గర పాల పళ్ళు ఊడటం మొదలై, ఏడు నెలల లోపు 42 పెద్ద పళ్ళు వస్తాయి. చిగుళ్ళ నొప్పితో నమిలే వస్తువుల మీద మమకారం పెరుగుతుంది, చిరాకూ పెరుగుతుంది. ఆ తర్వాత కుర్రవయసు. మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్ళీ కాపలా కనిపిస్తే బెంబేలు పడకండి, దూరం పెంచి అదే పద్ధతి. ఒకవేళ చర్మం చీలేలా కరిస్తే, లేదా గిన్నె ఒక్కదానికే కాకుండా సోఫా, మనిషి, తలుపు ఇలా అన్నిటికీ కాపలా మొదలైతే మాత్రం మా అందరి సలహాలూ పక్కన పెట్టి, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ని ఇంటికి పిలిపించండి. మూతికి బుట్ట అలవాటు చేయడం కూడా అప్పుడు వాళ్ళే చూపిస్తారు.

#40 బంతివాళ్ళమ్మ
ఇంకో ఐదు వారాల తర్వాత వచ్చాను. బంతికి ఇప్పుడు దాదాపు నాలుగున్నర నెలలు. రేబిస్ టీకా పడింది. నేను గిన్నె ఎత్తి ముక్క వేసి దించుతున్నాను, కూర్చుని చూస్తుంది. మావారు ఒక అడుగు దూరంలో ఉన్నారు, ముందు పళ్ళు ఊడి నాలుగు రోజులు చిరాకు పడితే ఆయన్ని మళ్ళీ మూడడుగులకి పంపించాం. బాబు "మార్పిడి!" అని ఇప్పటికి ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. రెండుసార్లు కుక్క నోట్లో ఏమీ లేకుండానే అరిచాడు, బహుమతి కోసం. అత్తగారు నేను చూడనప్పుడు గిన్నెలో ముక్కలు వేస్తున్నారని నిన్న దొరికిపోయారు. "దూరం నుంచే వేశాన్లే" అన్నారు.

"లాటరీ" అంటే ఏదైనా వదిలేస్తుంది. దాదాపు ఏదైనా.

#41 పాతకాపు
సంతోషం. ఫోటో పెట్టమ్మా.

#42 బంతివాళ్ళమ్మ
ఇది ల్యాప్‌టాప్‌లోంచి రాస్తున్నానండీ. ఫోన్ దాని నోట్లో ఉంది, ట్రీట్ల డబ్బా ఖాళీ అయింది. కోడి ముక్క ఉడుకుతోంది. నా ఎదురుగా కూర్చుని పొయ్యి వైపు చూస్తోంది.

#43 సాక్సుదొంగ_నాన్న
వ్యాపారం మొదలైంది. కళ్ళజోడు జాగ్రత్త.